దుప్పటి కింద మిషన్

పింఛన్ తనిఖీకి సారు గల్లీలోకి వచ్చాడని తెలియగానే పక్కింటి పుష్పమ్మ పరుగున వచ్చి, నవత కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసింది.

"పని చేస్తున్నవని తెలిస్తే పింఛన్ బంద్ చేస్తరు బిడ్డా! జెర మంచంల పండుకొని మూలుగు."

"నేనెందుకు మూల్గాలె?"

నవత దుప్పటి లాగి పారేసింది. పోలియో కాలును చేత్తో సర్దుకుని కూర్చుని, మిషన్ మోటారు స్విచ్ వేసింది.

సారు గుమ్మంలోనే ఆగిపోయాడు. "పని చేస్తున్నవామ్మా?"

"చేస్తున్న సార్. మల్కాజ్‌గిరిల ఈ గల్లీ జాకెట్లన్నీ నేనే కుడ్త."

"మరి పింఛన్?"

"అది కాలుకు సార్, చేతులకు గాదు."

పుష్పమ్మ నెత్తి పట్టుకుంది. సారు మాత్రం నవత కాలు చూసి, తల ఊపి, ఫోన్ తీశాడు. "పింఛన్‌కు ఫొటో కావాలె. ఇటు చూడు."

"జెర వెనక్కి జరుగుండ్రి సార్," అంది నవత. "ఫొటోల మిషన్ గూడ పడాలె."