గవర్నరు గారికి చలి వేయదు

“అక్కడ నీకు చలి వేస్తుందేమోరా నాయనా!”

బండి ఇంకా గుమ్మం ముందుకే రాలేదు. మంచు కురవడం మొదలే కాలేదు. అప్పుడే హెప్సిబా అమ్మగారి నోట ఈ మాట వచ్చేసింది. తల్లి నోరు కదా, ఊరుకోదు.

నేను ఒక కాళ్ల కుంపటిని. చెక్క చట్రం, చుట్టూ చిల్లులు పొడిచిన రేకు, లోపల నిప్పులు పోసే ఇనప మూకుడు, పట్టుకోవడానికి తీగ పిడి, అంతే నా ఒళ్లు. అమెరికాలో, ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో, ఇంగ్లండు రాజు పాలన నడుస్తున్న రోజుల్లో పుట్టాను. ఆ ఊరి చర్చిలో నిప్పు రాజేయరు, కొయ్య కట్టడం కాలిపోతుందని భయం. పాదిరి గారి ప్రసంగమా, ఎంతకీ తెమలదు. అందుకని ఆడవాళ్లు నాలాంటి కుంపట్లలో ఇంటి నిప్పులు తెచ్చుకుని, గౌను అంచుల కింద పెట్టుకుని కూర్చుంటారు. మగవాళ్లు మాత్రం కాళ్లు కొయ్యబారినా ముట్టుకోరు. పరువు తక్కువట! చలికి లేని తేడా మనుషులకు ఎక్కడినుంచి వచ్చిందో మరి.

హెప్సిబా భర్త ఒక చలికాలం దగ్గుతో మంచమెక్కి మళ్లీ లేవలేదు. మిగిలింది ఒక్కడే కొడుకు, ఎఫ్రాయిం వెల్డ్. ప్లీడరు. ఊరివాళ్లు అతన్ని శాసనసభకు ఎన్నుకున్నారు. అక్కడ రాజుకు ఎదురు మాట్లాడితే ఉరి తీస్తారని ఆవిడ విన్నది. ఉరి అనే మాట నోట పలకడానికి భయం. అందుకే చలి గురించి అడిగింది. బండిలో అతని కాళ్ల దగ్గర నన్ను పెట్టింది.

సభలో అతను నన్ను పై అంగీ కింద దాచుకున్నాడు. పన్నుల మీద మాట్లాడడానికి ఆవేశంగా లేచాడు. అంగీ అంచు నా మీద పడి కమిలింది. పొగ లేచింది.

“వెల్డ్ గారి ఉపన్యాసంలో నిప్పు లేదేమా అనుకున్నాను. కాళ్ల కింద దాచారన్నమాట!” అన్నాడు సైలస్ టేబర్ అనే సభ్యుడు.

“అమ్మ పంపిందా బాబూ? ఉగ్గుగిన్నె మరిచిపోయిందా?” అన్నాడు ఇంకొకడు.

సభంతా పగలబడి నవ్వింది. మర్నాడే ఎఫ్రాయిం నన్ను ఇంటికి వెళ్లే బండి ఎక్కించాడు. వెంట ఒక్క ముక్క కబురు లేదు.

సెలవులకు వచ్చినప్పుడు తల్లి, “చలేసిందిరా అక్కడ?” అంది. అతను బూట్లు విప్పుకుంటూ మంచు ఎంత పడిందో చెప్పాడు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ఆవిడ అదే అడిగేది. అతను అలాగే మాట తప్పించేవాడు. బిడ్డ సుఖంగా ఉన్నాడో లేడో ఆ ఒక్క మాట తెలిస్తే చాలు ఆవిడకు. అదే తెలియనిచ్చేవాడు కాదు.

యుద్ధం వచ్చింది, రాజు పాలన పోయింది. ఎఫ్రాయింకు ఉరి తాడు రాలేదు గానీ గవర్నరు పదవి వచ్చింది. మంచులో టోపీ లేకుండా నిలబడి సైనికుల వందనం తీసుకున్నాడని జనం మురిసిపోయారు. “మా గవర్నరు గారికి చలే వేయదు!” అన్నారు.

“టోపీ పెట్టుకోమని చెప్పే దిక్కే లేదా అక్కడ?” అంది హెప్సిబా.

“మీరు చెబితేనే వినని మనిషి, ఇంకెవరి మాట వింటారత్తయ్యా?” అంది కోడలు మెర్సీ నవ్వుతూ. ఆదివారం చర్చిలో అత్తాకోడళ్లు నన్ను పంచుకునేవాళ్లు. కాసేపు ఆవిడ కాళ్ల కింద, కాసేపు ఈవిడ కాళ్ల కింద.

ఇప్పుడు నేను మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. పక్కనే ఆయన కోటు, కత్తి. ఆయన ఇచ్చిన ఉపన్యాసాలన్నీ గోడకు రాసిపెట్టారు. అన్నిటికన్నా కష్టపడి పలికిన మాట మాత్రం అక్కడ లేదు.

ఆ మాట పలికిన ఏటి చలికాలంలో మెర్సీ జ్వరంతో పోయింది. గవర్నరు గారు రాజధాని నుంచి వచ్చేసరికి మట్టి చేసేశారు. ఆ ఆదివారం ఆయన తల్లి పక్కన నిటారుగా కూర్చున్నాడు. కంట తడి లేదు. “ఎంత గుండె దిటవో!” అని వెనక గుసగుసలు. ఒకప్పుడు సభలో వెక్కిరించిన సైలస్ టేబర్ కూడా, వయసు మీద పడి, ఆ వెనకే ఉన్నాడు.

మెర్సీ కూర్చునే చోటు ఖాళీ. హెప్సిబా నన్ను కాలితో మెల్లగా కొడుకు వైపు నెట్టింది. చెవుడు వచ్చిన మనిషి, గొంతు తగ్గించడం తెలియలేదు.

“చలేస్తోందిరా నాయనా?”

చర్చి అంతటికీ వినబడింది. పాదిరి గారు ఆగిపోయారు. ఎవరూ నవ్వలేదు. నా లోపల నిప్పు ఒకటి చిటపటమని ఆరిపోయింది. అయ్యో, ఈసారీ చెప్పడు కాబోలు అనుకున్నాను.

ముందు ఒక బూటు, తర్వాత రెండోది, నా మీదికి వచ్చాయి. రెండూ మంచుగడ్డలే.

“వేస్తోందమ్మా,” అన్నాడు, ఆవిడకు వినబడేంత గట్టిగా. “అప్పుడు అక్కడా వేసింది.”