సదయ్య పేరు మీది దగ్గు

మా ఆయన దగ్గును పక్క లైనులో ఉండే సదయ్య వాడుకున్నాడు. ఈ మాట చెప్తే జనం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. చీర అరువిస్తారు, మంచం అరువిస్తారు, దగ్గు ఎట్లా అరువిస్తారమ్మా అంటారు. ఇస్తారు. గోదావరిఖనిలో మేమిచ్చాం.

ముందు సదయ్య సంగతి చెప్తాను. బొగ్గుబాయిలో పర్మినెంటు నౌకరి, కంపెనీ క్వార్టరు, కంపెనీ దవాఖాన కార్డు. యాభై ఏడేళ్ళ మనిషి, నిండు గ్యాస్ బండను భుజాన వేసుకుని ఆగకుండా మెట్లెక్కుతాడు. కొడుకు సంపత్ ఇంజనీరింగ్ చదివి నాలుగేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాడు. మా దగ్గర అందరికీ తెలిసిన దారి ఒకటుంది. తండ్రికి పెద్ద రోగమొచ్చి ఇక బాయి పని చేయలేడని మెడికల్ బోర్డు తేల్చిందంటే, ఆ ఇంట్లో కొడుక్కి నౌకరి వస్తుంది. దాన్ని అన్‌ఫిట్ కావడం అంటారు. మందమర్రిలో సదయ్య బామ్మర్ది అన్‌ఫిట్ అయ్యాడు, ఆయన కొడుకు డ్యూటీలో చేరాడు. అప్పటినుంచి సదయ్య భార్య పూలమ్మకు కంటి మీద కునుకు లేదు. ఎక్కడైనా ఆడవాళ్ళు మొగుడికి ఏ రోగమూ రావద్దని మొక్కుకుంటారు. పూలమ్మ ఏదో ఒకటి రావాలని మొక్కుకుంది. దేవుడు వినలేదు.

మా ఆయన పేరు కొమురెల్లి. బొగ్గును వ్యాగన్లలోకి పోసే చోట, కింద రాలిన బొగ్గు ఎత్తే పని. ఇరవై రెండేళ్ళు కాంట్రాక్టర్ల కిందే చేశాడు. కాంట్రాక్టర్లు ఆరుగురు మారారు గానీ పార మారలేదు, దుమ్ము మారలేదు. రోగం నిజంగా ఉన్నది ఆయన రొమ్ములో. కానీ అన్‌ఫిట్ కావాలన్నా ముందు పర్మినెంటు అయి ఉండాలి కదా. మాకు కార్డు లేదు, కంపెనీ దవాఖాన లేదు. దగ్గు ఎక్కువైతే సందు చివర ఆర్‌ఎంపీ సూది వేస్తాడు. రెండు రోజులు తగ్గుతుంది, మళ్ళీ మొదలవుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆ దగ్గు లేదు, అంతవరకే నాకు గుర్తు.

చౌరస్తా దగ్గర ప్రశాంత్ జిరాక్సు షాపు ఉండేది. అందులోనే ఒక మూల పర్దా కట్టి, కుర్చీ వేసి, గుండ్రని లైటు, పెద్ద స్క్రీను పెట్టి 'వీడియో దవాఖాన' అని బోర్డు తగిలించాడు. హైదరాబాదులో కూర్చున్న ఊపిరితిత్తుల డాక్టరు ఆ స్క్రీనులో కనిపిస్తాడు. ఐదు నిమిషాలు మాట్లాడతాడు, మందుల చీటీ ప్రశాంత్ మిషన్లోంచి బయటికి వస్తుంది. పేరు, వయసు కొట్టేది ప్రశాంతే. ఛాతి మీద గొట్టం పెట్టేదీ లేదు, నాడి పట్టేదీ లేదు. ఎవరి పేరుతో ఎవరు కూర్చున్నారో అంత దూరంలో ఉన్నవాడికేం తెలుసు? పూలమ్మకు అక్కడ తెలివి తట్టింది. మెడికల్ బోర్డు ముందుకు పోయేలోపు ఇలాంటి చీటీలు ఒక ఫైలు నిండా ఉంటే, సదయ్య రోగం పాతదని నమ్ముతారని ఆమె లెక్క.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే మనిషి పూలమ్మ. నల్లా దగ్గర నా బిందె వెనక్కి నెట్టే ఆమె, ఆ రోజు కోడికూర గిన్నె పట్టుకుని మా గుమ్మంలో కూర్చుంది.

"జమునా, నీ మొగని దగ్గు ఓపాలి ఇయ్యవే. మా ఆయన దగ్గుతె డప్పు కొట్టినట్టుంటది. రోగమున్నట్టు అనిపియ్యది," అంది.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఉమ్మాలనిపిస్తుంది.

కొమురెల్లికి మాత్రం పండగే. చిన్నప్పుడు ఒగ్గుకథ చెప్పేవాళ్ళ వెంట తాళం కొడుతూ తిరిగిన మనిషి, నలుగురు తనవైపు చూస్తే ఆకలి కూడా తెలియదు. పార పట్టినన్నాళ్ళూ ఆయనవైపు చూసినవాళ్ళెవరు? సదయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వించుకుని, వెళ్ళి స్క్రీను ముందు కూర్చున్నాడు. పర్దా ఇవతల అసలు సదయ్య మిరపకాయ బజ్జీలు తింటూ నిలబడ్డాడట. చొక్కాకు నూనె చేతులు తుడవకు బాపూ అని సంపత్ తండ్రిని కసిరాడట. ఇవన్నీ ఇంటికొచ్చి నాకు అభినయించి చూపించాడు మా ఆయన.

అలా మూడు నెలల్లో మూడుసార్లు కూర్చున్నాడు. మూడోసారి వచ్చినప్పుడు ఆయన ఆనందం చూడాలి.

"ఇయ్యాల డాక్టరు భయపడ్డడే జమునా. ఎన్ని కిలోలు తగ్గినవన్నడు. పండుకుంటె దుప్పటి తడిసేటట్టు చెమటలు పడుతున్నయా అన్నడు. పడుతున్నయన్న. తెమడల నెత్తురు పడుతున్నదా అన్నడు. పడుతున్నదన్న. ఇగ సూడు, కండ్లద్దాలు తీసి ముంగటికి వంగిండు. సదయ్య గారూ, రేపే స్కానింగు తీపియ్యాలె, తెమడ పరీక్ష జేపియ్యాలె, ఒక్కరోజు సుత ఆగొద్దన్నడు. గట్ల జేసిన నేను."

"నెత్తురు నిజంగ పడుతున్నదా ఏంది?" అన్నాను.

"పడితె నీకు చెప్పనా," అని కూర గిన్నెవైపు చూశాడు.

ఆ రోజు పూలమ్మ లివరు ముక్కలు కూడా వేసి పంపింది. అవన్నీ ఏరి ఆయన పళ్ళెంలోనే వేశాను. తడిసిన దుప్పటి రోజూ తీగ మీద ఆరేసేది నేనే. ఎండలు ముదిరాయి, ఉక్కపోత అనుకున్నాను. అనుకోవడానికి సులువైన మాట దొరికితే నాలాంటిది ఇంకో మాట వెతుకుతుందా.

నెలన్నర తర్వాత ఒక పొద్దున కొమురెల్లి ముఖం కడుక్కుంటూ అక్కడే కూలబడ్డాడు. తూము దగ్గర నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. ఆటో ఎక్కించి ప్రశాంత్ షాపుకే తీసుకుపోయాను. ఈసారి ఆయన సొంత పేరు మీద.

నన్ను చూడగానే ప్రశాంత్ ముఖం అదోలా అయింది. "డాక్టరు బిజీ ఉన్నడక్కా, రేపు రాండ్రి," అన్నాడు. నేను మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వీడియో పెట్టకపోతే చౌరస్తాలో కూర్చుని అరుస్తానన్నాను. స్క్రీను వెలిగింది. డాక్టరు మా ఆయన్ని చూశాడు, పేరు చదవకుండానే కోప్పడ్డాడు.

"సదయ్య గారూ, నెలన్నర అయింది, స్కానింగ్ ఏదీ? మీ నంబరుకు రెండుసార్లు ఫోన్ చేయించాను. తీయించాం, అంతా బాగుందని మీ అబ్బాయి చెప్పాడు. మిమ్మల్ని చూస్తే అలా లేదే."

ప్రశాంత్ స్క్రీను ఆపబోయాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఈయన సదయ్య కాదు సారూ. కొమురెల్లి. నా మొగడు," అన్నాను.

"మరి నేను మూడుసార్లు చూసింది ఎవరిని?"

"ఈయన్నే."

ముందు డాక్టరు ముఖంలో జాలి కనిపించింది, అది నిజం. తర్వాత అది పోయి భయం వచ్చింది. "వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండమ్మా. అక్కడ నా పేరు మాత్రం చెప్పకండి," అన్నాడు, స్క్రీను ఆరిపోయింది. రోగం పట్టుకున్న ఒక్కగానొక్క మనిషి కూడా ఆఖరికి తన పేరే చూసుకున్నాడు.

"ఒక్కరోజు ఆగొద్దని నీకు చెప్పిండు గదనయ్యా," అన్నాను మా ఆయనతో.

"గది సదయ్యన్నకు గద చెప్పింది," అన్నాడు. ఆ మాట ఎంత తెలివితక్కువదో అన్నాక తెలిసినట్టుంది, తల దించుకున్నాడు. "నేను మంచిగ జేసిన అనుకున్న."

ఆయన్ని ఆటోలోనే ఉంచి సదయ్య ఇంట్లోకి వెళ్ళాను. డాక్టరు రాసిన కాగితం చూపిస్తే పెద్దాసుపత్రిలో పని తొందరగా అవుతుందని నా ఆశ. ఫైలు దేవుడి గూట్లో ఉంది. పైన ఉన్న చీటీకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. నా మొగుడి రొమ్ములో నెత్తురుందని రాసిన కాగితానికి అగరుబత్తి వెలిగించి మొక్కుతున్నారు.

"గిండ్ల ఏం రాసున్నదో చదివినవా సంపతూ?" అన్నాను.

వాడు అబద్ధమాడలేదు. అదే ఇంకా రోత. "చదివిన చిన్నమ్మా. కొమురెల్లి కాకకు చెప్తె దవాఖానల పడుతడు. నాలుగో చీటీకి ఎవలు కూసుంటరు? పద్దెనిమిదికి బోర్డున్నది. అయినంక నేనే తోలుకపోదామనుకున్న," అన్నాడు.

"నీ మొగనికి దగ్గు కొత్తదా? ఇరవై ఏండ్ల సంది దగ్గుతనే ఉన్నడు. నెలన్నరకు ఏమైతది?" అంది పూలమ్మ. "అసలుది ఇయ్య, కావాలంటె జిరాక్సు తీసుకో."

సదయ్య టీవీ ముందు అన్నం తింటున్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టు కూర్చున్నాడు, తల ఎత్తలేదు. ఆయన పేరు మీద ఇంత జరుగుతుంటే, పెరుగు ఇంకొంచెం వెయ్యమన్నాడు. నేను కాగితం అడగడం మానేసి బయటికి వచ్చాను.

పెద్దాసుపత్రిలో చీటీ రాసే ఆమె పేరు అడిగింది. కొమురెల్లి నావైపు తిరిగి, "ఎవలి పేరు చెప్పాలె?" అన్నాడు. నీదే చెప్పు అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

టీబీ అన్నారు. దుమ్ముతో అప్పటికే గట్టిపడిన ఊపిరితిత్తుల్లో అది చేరిందన్నారు. కుడివైపుది పోయింది, ఎడమవైపుది కాపాడడానికి చూస్తున్నాం, నెలన్నర ముందు వచ్చి ఉంటే రెండూ చూసేవాళ్ళం అంది డాక్టరమ్మ. ఆమె ఛాతి మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఇన్నేళ్ళలో ఆయన రొమ్ము మీద అలా చెవి పెట్టిన మొదటి మనిషి ఆమే. ఒక ఇంట్లో ఉన్నదాన్ని గనక నాకూ పరీక్షలు చేశారు. నా తెమడలో ఏమీ లేదని, ఎక్స్‌రే ఫొటో కూడా బాగుందని చెప్పారు.

ఐదో రోజు సంపత్ వచ్చాడు. మూతికి రెండు మాస్కులు కట్టుకుని, వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయి, అరటిపళ్ళు నేల మీద పెట్టి కాలితో ముందుకు తోశాడు. పైజేబులోంచి మూత ఉన్న చిన్న సీసా ఒకటి తీశాడు.

"బోర్డోళ్ళు బాపుకు తెమడ పరీక్ష రాసిండ్రు చిన్నమ్మా. ఇంటికాడ్నె పట్టి తెమ్మన్నరు. కాకది పాజిటివ్ వచ్చిందట గద. జరంత గిండ్ల..." కొంచెం ఆగి, నన్ను ఒప్పించడానికి చెప్పాడు, "ఎట్లయిన పారబోసేదే గద."

లోపల మంచం మీది నుంచి కొమురెల్లి మోచేతి మీద లేచాడు. చర్మం అరువు చొక్కాలా ఎముకలకు వేలాడుతున్న చెయ్యి ముందుకు చాచాడు. ముఖంలో పాత వెలుగు. వాడికి తనతో పని పడింది కదా.

"తేరా బిడ్డా," అన్నాడు.

సీసా నేను లాక్కుని మంచం దగ్గరికి వెళ్ళాను. దగ్గు మీద పడుతుందన్న భయంతో సంపత్ అప్పటికే ముఖం గోడవైపు తిప్పుకుని, మాస్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పసుపు రాసిన కాగితం తలుచుకున్నాను, పెరుగన్నం తలుచుకున్నాను. నోరంతా ఊరింది. సీసాలో ఉమ్మాను. ఇంకోసారి ఖాండ్రించి ఉమ్మాను. కొమురెల్లి చాచిన చెయ్యి అలాగే ఉంచి నన్నే చూస్తున్నాడు. మూత గట్టిగా బిగించి వాడి చేతిలో పెట్టాను.

"నీ మేలు మరువం చిన్నమ్మా," అని సీసాను రుమాలులో చుట్టి జాగ్రత్తగా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సదయ్యకు ఏ రోగమూ లేదని ఆ సీసా చెప్తుంది. వాళ్ళ ఫైలులో నిజం రాసిన కాగితం అదొక్కటే ఉంటుంది.