నలుపు మీద నలుపు

మనుమరాలు పుట్టి నలభై రోజులైంది. గల్ఫ్ నుంచి ఇంటికెళ్ళడానికి బుర్హానుద్దీన్ టికెట్ ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది. చూస్తే ఒళ్ళంతా గజ్జి. నిర్మల్ నుంచి భార్య ఆబిదా ఫోన్లో తెగేసి చెప్పింది: "గోక్కుంట వస్తే పిల్ల మీద చెయ్యి గూడ ఎయ్యనియ్య."

డాక్టర్ గురుప్రసాద్ రెండుసార్లు మందు రాశాడు. రెండుసార్లూ తగ్గింది, రెండుసార్లూ దర్జాగా తిరిగొచ్చింది. "మీ గదిలో ఇంకెవరికో ఉండుంటుందండీ, తీసుకురండి," అన్నాడు. గదిలో ఉండేది ఇంకొక్కడే, కెన్యా నుంచి వచ్చిన ఒటియెనో. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒకే దుకాణంలో బుర్హానుద్దీన్ ఆడవాళ్ళు తొడుక్కునే నల్లటి అబాయాలు కుడతాడు, ఒటియెనో ఇస్త్రీ చేస్తాడు.

"ఎక్కడైనా ఎర్రగా ఉందా?" అని డాక్టరు హిందీలో అడిగాడు. ఒటియెనో లేదన్నాడు. డాక్టరు అతని చేతులు అటూ ఇటూ తిప్పి, "ఈయనకేం లేదండీ," అని తేల్చేశాడు. గోడ మీది పటంలో మాత్రం గజ్జి గులాబీరంగు చేతి మీద ముచ్చటగా మెరుస్తోంది.

ఇరవై ఏళ్ళుగా నల్లగుడ్డ మీద నల్లదారంతో పూలు కుడుతున్న మనిషికి ఒళ్ళు మండింది.

"ఎరుపు యాడికెల్లి వస్తది సార్? నలుపు మీద నలుపు కుట్టు సూడాల్నంటె ఇట్ల సూడాలె."

టేబుల్ లైటు పక్కకు వంచి, డాక్టరు వేలు పట్టుకుని ఒటియెనో వేళ్ళ సందుల్లో మెల్లగా నడిపించాడు. ఏటవాలు వెలుగులో ఊదారంగు పొక్కులు, వాటి మధ్య సన్నటి గీతలు బయటపడ్డాయి.

డాక్టరు తిరిగి ఒటియెనోనే గదమాయించాడు. "దురదుందని చెప్పొద్దూ?"

"మీరు ఎర్రగా ఉందా అని అడిగారు, లేదన్నాను. దురద సంగతి ఎవరూ అడగలేదు," అన్నాడు ఒటియెనో, దుకాణంలో నేర్చిన హిందీలో.

ఆ గదిలో ఎర్రబడింది డాక్టరు మొహం ఒక్కటే.

"ఇద్దరూ ఒకే రోజు మెడ నుంచి కాళ్ళదాకా మందు రాసుకోండి. పక్కబట్టలన్నీ వేడినీళ్ళలో ఉతకండి. వారానికి మళ్ళీ రాసుకుంటే, పాపను హాయిగా ఎత్తుకోవచ్చు."

బుర్హానుద్దీన్ కుర్రాడిలా మెట్లు దిగి, వీధిలో ఆగిపోయాడు. ఎవరూ అడగలేదన్న మాటలో తనూ ఉన్నాడు. మూడు నెలలుగా పక్కమంచం మీద ఒటియెనో గోక్కుంటుంటే, ఇస్త్రీ వేడికనుకుని అటు తిరిగి పడుకున్నాడు. చచ్చేంత సిగ్గేసింది.

"భాయ్, మనుమరాలు పుట్టకుంటే నేను గూడ నిన్ను తోల్కొచ్చేటోన్ని కాదు," అని హిందీలోనే ఒప్పుకున్నాడు.

"తెలుసు," అన్నాడు ఒటియెనో. "నాకు మందిప్పించింది ఆ పాపే. ఏదీ, ఫొటో చూపించు."