చింపకుండా మిగిలిన ఉత్తరం

సంతోషకుమారి గొంతు ఎలా ఉంటుందో ఊళ్ళో సగం మందికి తెలియదు. పిలిస్తే పలకదు, తల ఊపుతుంది. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు కూడా పక్కనున్న పిల్లే "ఉందండీ" అనేది. అలాంటి పిల్లని గౌస్ బాషా ఏరికోరి తన ఉత్తరాలకి నకళ్ళు రాయడానికి పిలిపించుకున్నాడంటే, దాని చేతిరాత గుండ్రంగా ఉంటుంది కాబట్టేనని అందరూ అనుకున్నారు. ఆ పిల్ల కూడా అలాగే అనుకుంది.

బాషా వయసులో ఉన్నప్పుడు పత్తి బేరగాడు. ఊరూరా తిరిగి పత్తి కొనేవాడు. తూకం అయిపోయి రైతు మజ్జిగ ఇస్తే, అది తాగి, మూతి తుడుచుకుని, "మీ అటక మీద పాత కాగితాలేమన్నా ఉన్నాయా?" అని అడిగేవాడు. అలా పోగేసినవే ఆ ఇంటి నిండా. మద్రాసులో అచ్చయిన పుస్తకాలు, రాసినవాళ్ళు స్వయంగా సంతకం పెట్టి ఇచ్చిన పుస్తకాలు, జైళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలు. వేపాకు వేసి, గుడ్డల్లో చుట్టి, అలమారాల్లో దాచాడు. 

"అందరి మొగుళ్ళూ సంతకెళ్తే మిఠాయి తెస్తారు. ఈయన చెదలు తెచ్చేవాడు," అంటుంది ఆయన భార్య ఖుర్షిదా.

రెండువేల మూడు ఎండాకాలానికి బాషాకి చూపు బాగా తగ్గిపోయింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కాలేదు. ఇక వీటిని దాచలేనని, గుంటూరులో ఒక గ్రంథాలయ సంఘం వాళ్ళకి కబురు చేశాడు. వాళ్ళు వీటికోసం ఒక గది ఇస్తామన్నారు. నెలాఖరు ఆదివారం వచ్చి చూస్తామన్నారు. పాత గొలుసుకట్టు రాత అందరికీ అర్థం కాదు కాబట్టి ప్రతి ఉత్తరానికీ ఒక మంచి నకలు ఉండాలన్నారు. సంతోష రోజూ ఆ ఇంటి వసారాలో కూర్చుని అన్నిటికీ నకళ్ళు రాసింది. చివరికి ఒకే ఒక్కటి మిగిలింది.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. బాషా ఆ ఉత్తరాన్ని అట్టల మధ్య పెట్టి చేతికిచ్చాడు, కానీ వెంటనే వదల్లేదు. 

"ఇది యలమందయ్యగారి చేతిరాత. పన్నులు కట్టేది లేదని జనం మొండికేసిన రోజుల్లో జైలుకెళ్ళి, తర్వాత ఈ తాలూకాకే పెద్ద దిక్కయ్యాడు చూడు, ఆయనే. ఆయన సంతకం ఉన్న కాగితం ఇదొక్కటే నాకు తెలిసి. వాళ్ళొచ్చేది దీనికోసమే. ఇంటికి తీసుకెళ్ళి రాసుకురా. ఎవరికీ చూపించకు."

సంతోష తల ఊపింది.

ఇంటి దగ్గర నాయనమ్మ వెంకటరావమ్మ అరుగు మీద మిరపకాయలు కుప్ప పోసుకుని తొడిమలు తీస్తోంది. పక్కన గొడ్ల కుడితి తొట్టి, ఆ పక్కన గేదె. సంతోష అరుగు చివర కూర్చుని, అట్ట విప్పి, మొదటి వరుస చూసి నోటుపుస్తకంలోకి ఎక్కించబోయింది.

"ఏందే అది? బాషా కాగితమా?"

తల ఊపింది.

"ఎవరు రాసింది?"

"యలమందయ్యగారు," అంది, పెదవులు కదిలీ కదలనట్టు.

వెంకటరావమ్మ చేతులు ఆగాయి. "మా నాయన ఆయన్ని కళ్ళారా చూశాడే. మా ఇంట్లో సద్ది తిన్నాడంట. ఏం రాశాడు? పైకి చదువు."

సంతోష గొణిగింది.

"మిరపకాయలకి కాదే వినిపించేది, నాకు. గొంతు తెరువు."

ఎవరూ ఆ పిల్లని ఎప్పుడూ అలా అడగలేదు. ఎందుకో ఆ పూట భయమనిపించలేదు. కాగితం ఎత్తి పట్టుకుని చదివింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, మెల్లగా దారిలో పడింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"పేరమ్మగారికి యలమందయ్య నమస్కరించి వ్రాయునది. మీ బుల్లయ్య ఇచ్చట మా అందరిలోకి చిన్నవాడు. పంతొమ్మిదేండ్లు అని చెప్పెను గాని అంతకంటె పసివానివలె ఉండెను. సంకటి బాగులేదని మేము సణిగినపుడెల్లా మా అమ్మ గోంగూర తలచుకొని తినుడని నవ్వించుచుండెను..."

నాయనమ్మ నవ్వింది. "గడుసు పిల్లాడే," అంది. 

సంతోష ఇంకా ఉత్సాహంగా చదివింది. చలికి ఒకే గొంగడి ఇద్దరు కప్పుకోవడం, గోడ మీద బొగ్గుతో బుల్లయ్య ఎద్దుల బొమ్మ వేయడం, దానికి వార్డరు తిట్టడం. నాయనమ్మ తొడిమలు తీయడం మానేసి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వింటోంది. కాగితం సగం దాటింది.

"ఇట్లుండగా వానికి జ్వరము తగిలినది. మందులు ఇచ్చిరి గాని పట్టలేదు. మొన్న ఏకాదశి నాడు తెల్లవారుజామున మీ బుల్లయ్య కాలము చేసినాడు..."

ఆ మాట నోట్లోంచి బయటికి వచ్చాక గానీ సంతోషకి దాని అర్థం తగల్లేదు. తలెత్తే లోపల నాయనమ్మ చెయ్యి ముందుకొచ్చింది. కాగితం తీసుకుంది. అడ్డంగా ఒకసారి చింపింది. రెండు ముక్కలూ కలిపి నిలువునా ఇంకోసారి చింపింది. తొడిమలు అవతల పారబోసినట్టే, తల తిప్పి చూడకుండా గోడ వైపు విసిరింది.

"లే. తలకి పోసుకుందాం," అంది.

సంతోష నోరు తెరిచినట్టే ఉండిపోయింది. చేతులు ఇంకా కాగితం పట్టుకున్నట్టే గాల్లో ఉన్నాయి. ఏమీ వినపడటం లేదు, గేదె మెడలో గంట తప్ప. నాయనమ్మ చెయ్యి పట్టుకుని లేపి బోరింగు దగ్గరికి లాక్కెళ్ళింది, కట్టుబట్టలతోనే నెత్తిన చెంబుతో నీళ్ళు పోసింది. తర్వాత తనూ పోసుకుంది. చన్నీళ్ళు వీపు మీద పడ్డాక గానీ ఆ పిల్లకి ఊపిరి రాలేదు.

అప్పుడే కల్లం నుంచి వచ్చిన నాన్న ఇద్దర్నీ చూసి ఆగిపోయాడు. "సందెవేళ ఈ స్నానాలేంటి?"

"చావు కబురు విన్నాం."

"ఎవరు?"

"బుల్లయ్య."

"మన రేషన్ బుల్లయ్యా? పొద్దున నాతో టీ తాగాడే." ఆయన చేతిలో తువ్వాలు జారిపోయింది.

"ఆ బుల్లయ్య కాదులేరా. మనకేమీ కాడు. ఎప్పటివాడో."

సంతోష తడిబట్టలతోనే గోడ దగ్గరికి పరుగెత్తింది. మూడు ముక్కలు పేడ పక్కన దొరికాయి. నాలుగోది కుడితి తొట్టిలో తేలుతోంది. గేదె మూతి దాని పక్కనే ఉంది. తీసి చూస్తే కాగితం ఉంది గానీ అక్షరాలు లేవు. సంతకం ఉండాల్సిన చోట నీలం మరక మాత్రం, అది కూడా వేళ్ళకి అంటుకుంది. 

ఆ రాత్రి ఆ పిల్ల అన్నం తినలేదు. ఇంట్లో ఎవరినీ ఏమీ అడగలేదు. బాషాకి ఏమని చెప్పాలి, అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే ఆ నాలుగు ముక్కలూ అట్టల మధ్య పెట్టుకుని వెళ్ళింది. బాషా మంచం మీద కూర్చుని అట్ట అందుకున్నాడు. విప్పాడు. వేళ్ళతో తడిమాడు. ఒక అంచు, దాని పక్కన ఇంకో అంచు. ఏమిటో అర్థం కానివాడిలా కాసేపు తడుముతూనే ఉన్నాడు. తర్వాత ఆపరేషన్ అయిన కంటి వైపు చెయ్యి పోయింది.

"కంటికి చెయ్యి పెట్టుకోకండి తాతా. ఆ కాగితానికి మిరపకారం అంటింది."

బాషా తలెత్తాడు. ఆయన చెయ్యి అక్కడే ఆగింది. "నువ్వేనా మాట్లాడింది?"

సంతోష జరిగినదంతా చెప్పింది. వరసగా చెప్పలేకపోయింది. గేదె ముందు వచ్చింది, తర్వాత స్నానం, ఆ తర్వాత ఉత్తరం. అయినా చెప్పింది.

"పైకి చదివావా?" అన్నాడు బాషా. కోప్పడలేదు. అదే ఇంకా భయంగా ఉంది. "నెల రోజుల నుంచి వస్తున్నావు. నీ నోటి వెంట ఒక్క మాట విన్నానా నేను? అందుకేగా తల్లీ నీకు ఇచ్చింది."

ఆ పిల్ల తలెత్తింది. "అందులో ఏముందో మీకు ముందే తెలుసా?"

"తెలియకేం," అంది ఖుర్షిదా గుమ్మంలోంచి. "వేరే పిల్లయితే చావు ఉత్తరం రాయనని పారిపోయేది. వీధంతా చాటేది. ఈ పిల్లయితే నోరెత్తదని ఏరుకున్నాడు. చెప్పి ఇవ్వండి అన్నాను నేను. వింటేగా."

సంతోష గోడకి ఆనుకుంది. తన చేతిరాత కోసం కాదన్నమాట.

బాషా ముక్కలు దిండు మీద పరుస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "పెళ్ళి ఉత్తరాలు దొరికాయి, పొలం తగాదాలు దొరికాయి, అల్లుడి అలకలు దొరికాయి. చావు ఉత్తరం ఇంకొకటి దొరకలేదు నాకు. దొరకదు. చదవగానే చింపేస్తారుగా. ఇదెందుకు మిగిలిందో తెలుసా? పేరమ్మకి చదువు రాదు. జైలు నుంచి వచ్చినవాడు దీన్ని ఆమె మరిది చేతికిచ్చాడు, చదివి వినిపించమని. ఆ మరిదికి నోరు రాలేదు. కులాసాగానే ఉన్నాడంట వదినా అని చెప్పి అటక మీద దోపేశాడు. ఆమె బతికినంత కాలం రోజూ ఒక ముద్ద ఎక్కువ వండిందని ఆ ఇంటివాళ్ళు నాకు చెప్పారు."

సంతోష ముక్కల వంక చూసింది. "ఆ నాలుగో ముక్కలో ఏముంది తాతా? నేను అంతదాకా చదవలేదు," అంది.

బాషా అక్షరాలు పోయిన ముక్కని వేలితో తడిమాడు.

"గుర్తులేదమ్మా. ఎప్పుడు తీసినా సంతకం చూసుకునేవాణ్ణి."

ఆదివారం గుంటూరు నుంచి కారు వచ్చింది. వచ్చినాయన పేరు వీరాంజనేయులు, రిటైరైన లెక్చరరు, సంఘానికి కార్యదర్శి. పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, సంతకాల మీద వేలు ఆనించకుండా చూపిస్తూ, "ఇది మాకే కాదు, ఎక్కడా లేదండీ," అని మురిసిపోయాడు. ఖుర్షిదా టీ ఇచ్చింది. సంతోష నకళ్ళ కట్ట పట్టుకుని తలుపు వెనక నిలబడింది. వెంకటరావమ్మ కూడా వచ్చింది, ఎవరూ పిలవకుండానే. గడప అవతల చతికిలబడింది.

అట్ట విప్పగానే వీరాంజనేయులు ముఖం పాలిపోయింది. "ఇదేంటండీ? సంతకం ఏదీ?"

బాషా గొంతు సవరించుకున్నాడు. "అది నా దగ్గరికి వచ్చేటప్పటికే..."

"అబద్ధమెందుకురా బాషా," అంది గడప అవతల నుంచి వెంకటరావమ్మ. "నేను చింపాను."

"ఎందుకు చింపారమ్మా?"

"చావు ఉత్తరం బాబూ. చింపక పెట్లో పెట్టుకుంటారా ఎవరన్నా?"

బాషా అటు తిరిగాడు. "అక్కా, అది చరిత్ర."

"ఏం చరిత్ర? తల్లికి చెప్పకుండా ఒకడు దాచాడు. డబ్బిచ్చి తెచ్చి అలమారాలో నువ్వు దాచావు. ఆ పిల్లాడు ఇంకెప్పుడు పోవాలిరా?"

సంతోష అనుకోకుండా కార్యదర్శిగారి చేతుల వైపు చూసింది. ఆయన కుడిచెయ్యి అట్ట మీది నుంచి మెల్లగా జరిగి, జేబురుమాలు తీసి, వేళ్ళు తుడుచుకుంటోంది. తను ఆ పని చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. అంత చదువుకున్నాయన.

"నాకు ఇలాంటి పట్టింపులేం లేవండీ," అన్నాడాయన, ఎవరూ అడగకపోయినా. "గురువారం మా అమ్మాయి నిశ్చితార్థం. మా ఆవిడ ఒప్పుకోదు. పుస్తకాలు, మిగతా ఉత్తరాలు ఇప్పుడే కార్లో పెట్టిస్తాను. ఇది కూడా గదిలో తప్పకుండా ఉండాలి, చిరిగినా సరే. ఎవరైనా తెచ్చిస్తే అద్దం కింద పెడతాం. పోస్టులో పంపండి, పోనీ."

"ముక్కల్ని పోస్టులోనా," అన్నాడు బాషా.

కారు డ్రైవరు, ఎవరైనా తనని అడుగుతారేమోనని, బయటికి వెళ్ళిపోయాడు. బాషా ఆ కంటితో ప్రయాణం చేయలేడు. అట్ట మంచం మీద అలాగే ఉంది. పుస్తకాలన్నీ వెళ్ళిపోయి ఇదొక్కటే మళ్ళీ ఏ అటక మీదికో చేరబోతోందని సంతోషకి అర్థమైంది.

"నేను తెస్తానండి," అంది.

అందరూ ఇటు తిరిగారు. ముఖం మంటెత్తింది. అయినా ఆ మాట తిరిగి మింగాలనిపించలేదు.

"నేను చదవబట్టే చిరిగింది. నేనే తెస్తాను. పోయిన ముక్క పోయిందని నకల్లో రాస్తాను."

ఇప్పుడు నాయనమ్మ లేచి రెక్క పట్టుకుంటుందనుకుంది. వెంకటరావమ్మ మనవరాలి వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. లేచి, చీర దులుపుకుంది.

"బస్సులో కిటికీ పక్కన కూర్చోకు. ఎగిరిపోతాయి," అంది.

సోమవారం బస్సులో సంతోష లోపలి సీట్లో కూర్చుంది. అట్టకి తాడు కట్టి ఒళ్ళో పెట్టుకుంది. నల్లపాడులో ఒకావిడ ఎక్కి పక్కన ఇరుక్కుంది. ఒళ్ళో పూలబుట్ట. గుంటూరులో అమ్ముతుంది కాబోలు. కాసేపు అట్ట వంక చూసింది.

"పరీక్షకి పోతున్నావా?"

"కాదండి. ఉత్తరం."

"ఇంత భద్రంగానా. ఏం ఉత్తరం?"

మామూలుగా అయితే తల ఊపి ఊరుకునేది. "ఒకబ్బాయి పోయాడని," అంది.

ఆవిడ బుట్టని అటు జరుపుకుంటుందేమో అనుకుంది. జరుపుకోలేదు. "అయ్యో. ఎంత వయసు?"

"పంతొమ్మిది."

"ఏమైంది?"

"జ్వరం వచ్చిందండి."

ఆవిడ నాలుక చప్పరించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. బస్సు గతుకులో ఎగిరితే సంతోష రెండు చేతులూ అట్ట మీద వేసి అదిమి పట్టుకుంది. ఆవిడ కూడా ఒక చెయ్యి వేసింది.

"తల్లి ఉందా?" అని అడిగింది.

సంతోషకి వెంటనే నోరు రాలేదు.

"ఉందండి," అంది.