నాటు పాట

ఇంద్రేశం ఊళ్లో కొత్త ప్లాట్ల నడుమ ఒక పాత గోదామును పాటలు పాడే హోటల్‌గా మార్చారని విని, రవళి ఆదివారం సాయంత్రం తల్లి మొగులమ్మను అక్కడికి తీసుకెళ్లింది. ఆ ప్లాట్లు వరి మళ్లుగా ఉన్నప్పుడు ముప్పై ఏళ్లు అక్కడే నాట్లేసిన మొగులమ్మ, గోడకు అలంకారంగా వేలాడదీసిన, విత్తనాలు వేసే గొర్రును చూసి మూతి తిప్పుకుంది.

వేదిక మీద గడ్డం కుర్రాడు గిటారు పట్టుకుని, కళ్లు మూసుకుని, వరి నాట్లప్పుడు పాడే నాటు పాట అందుకున్నాడు. ఒక్కో మాటనూ ఏడుస్తున్నట్టు సాగదీశాడు. జనం చప్పట్లు కొట్టారు.

"గిట్ల పాడితే పొద్దుగూకినా ఒక్క మడి గాదు," అంది మొగులమ్మ.

అది విని అతను దగ్గరికొచ్చాడు. "ఈ పాట మీకు తెలుసా అమ్మా?"

"తెల్సు. మోకాళ్ల దాంక బురదల నిలవడి పాడుతరు. నువ్వెన్నడన్న నారు వట్టినవా?"

అతను నవ్వి మైకు అందించాడు. "అయితే ఒకసారి పాడండి."

"నాతోని గాదు," అని ఆమె లేచి బయటికొచ్చింది.

ఆదివారం షిఫ్టు ముగించుకుని బొల్లారం కంపెనీ బస్సు దిగిన ఆడవాళ్లు బజ్జీల బండి దగ్గర నిలబడి ఉన్నారు. తల్లి వెనకాలే వచ్చిన రవళి వాళ్ల పక్కన ఆగి, బజ్జీలు కొని ఆమె చేతికిస్తూ అడిగింది, "నీకొస్తది గదనే, ఎందుకు పాడలే?"

"నేను పాడితే నేర్సుకొని, రేపటిసంది నా పాటను గూడ గట్లనే ఏడిపిస్తడు," అంది మొగులమ్మ, వేడి బజ్జీ ఊదుకుంటూ.