డ్రైవర్ని లేపెయ్ వదినా

తెర మీద నలభై మూడు దగ్గర తచ్చాడుతున్న అంకె నలభై నాలుగు కాకముందే డ్రైవరు వైరు పీకేశాడు.

"అప్‌డేట్ అవుతోంది, కంప్యూటర్‌ను ఆపకండి" అని అందులో రాసే ఉంది. అతని భార్య, వీధి బట్టలు ఇస్త్రీ చేసే ఇస్త్రీ అక్క, ఆ మాట వేలు పెట్టి మరీ చూపించింది. చూపించినందుకే పీకాడు. వద్దన్న పని చెయ్యడంలో అతనికి ఉన్న శ్రద్ధ తిండి మీద కూడా లేదు. పీకిన వైరునే రెండు మడతలు పెట్టి ఆవిడ వీపు మీద నాలుగు వాయించాడు. తర్వాత చొక్కా సర్దుకుని, వీధి చివర టీ కొట్టు దగ్గరికి పోయి, తన ఇంటి గుమ్మం కనపడేలా బల్ల మీద కూర్చున్నాడు.

లారీ నడిపే మనిషి కాబట్టి వీధిలో అందరూ అతన్ని డ్రైవరనే పిలుస్తారు. కన్నతల్లి కూడా "మా డ్రైవరు వచ్చాడా" అనే అడుగుతుంది. ఆ ఇంట్లో పాతికేళ్లుగా డ్రైవరంటే ఒక్కడే. ఆ మాట వినపడగానే గిన్నెల చప్పుడు కూడా ఆగిపోతుంది.

ఆ పొద్దున జరిగింది చెప్పాలి. వాళ్ల పిల్ల బుల్లికి పద్దెనిమిది నిండాయి, మార్కులు బాగా వచ్చాయి, నర్సు చదువుకి దరఖాస్తు పెట్టుకుంటోంది. ఆ సాయంత్రం నాలుగు గంటలు దాటితే దరఖాస్తులు తీసుకోరు. ఈ సంగతి తండ్రికి చెప్పకుండా పని ముగించుదామని తల్లీకూతుళ్లు అనుకున్నారు. ఎవరి నోట విన్నాడో ఏమో, తొమ్మిదింటికల్లా ఇంట్లోకి ఊడిపడ్డాడు. పిల్ల మార్కుల కాగితాలు నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాడు. ఫోను నీళ్ల డ్రమ్ములో వేశాడు. అడ్డం వచ్చిన పిల్లని జుట్టు పట్టి సామాన్ల గదిలోకి తోసి గొళ్ళెం పెట్టాడు. "ఈ గొళ్ళెం తీసిన చేతిని విరిచి పొయ్యిలో పెడతా" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషే. మూడేళ్ల కింద ఇలాగే ఒక మాట అని, ఇస్త్రీ అక్క పళ్లు రెండు రాలగొట్టాడు.

ఆ కాగితాలు కాలకముందే బుల్లి వాటికి ఫోటోలు తీసి కంప్యూటర్‌లో దాచుకుంది. కాబట్టి ఆ పిల్ల బతుకంతా ఇప్పుడు ఆ డబ్బాలో ఉంది. డబ్బా ఏమో నల్లబడి కూర్చుంది. వైరు మళ్లీ పెట్టి మీట నొక్కితే గుర్రుమంటుంది, తెల్ల బాణం గుర్తు ఒక్కటి చూపిస్తుంది, ఆరిపోతుంది, మళ్లీ గుర్రుమంటుంది.

ఒంటిగంటన్నర అయింది. ఇస్త్రీ అక్క తన పాత ఫోను చొక్కాల కుప్పలోంచి తీసి తమ్ముడి భార్యకు చేసింది. ఆ మరదలు కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తుంది. నోరు తెరిస్తే పక్క వీధి వాళ్లకు కూడా సలహా ముట్టుతుంది.

"వైరు పీకాడా? సగంలోనా?" అంది మరదలు. "ఆ చేతులు పడిపోను. సర్లే, భయపడకు వదినా. నేను చెప్పినట్టు చెయ్యి. ముందు దాని పీక నొక్కు."

"ఎవరి పీక?"

"డబ్బాదే. మీట మీద బొటనవేలు పెట్టి, చచ్చేదాకా తీయకు. మళ్లీ వెలిగించు, గుర్రుమనగానే మళ్లీ చంపు. అలా మూడుసార్లు చంపితే గానీ దానికి బుద్ధి రాదు, అప్పుడు తనే ఏం కావాలని అడుగుతుంది."

ఇస్త్రీ బల్ల వీధి కిటికీ పక్కనే ఉంటుంది. బల్ల దగ్గర మనిషి కదలకపోతే టీ కొట్టు నుంచి డ్రైవరుకు అనుమానం వస్తుంది. అందుకని ఆవిడ ఫోను పెద్దగొంతు మీద పెట్టి చొక్కా కాలరు కింద దూర్చి, ఒక చొక్కా నాలుగు పట్లు రుద్ది, మూలకు పోయి డబ్బా పీక నొక్కి, మళ్లీ వచ్చి ఇంకో చొక్కా రుద్దేది. వైరు దెబ్బలు ఉబ్బి వీపుకు జాకెట్టు అతుక్కుపోయింది. వంగినప్పుడల్లా అది ఊడి వస్తుంటే పళ్లు కరుచుకుంది.

మూడో చావుకు నీలం తెర వచ్చింది.

"ఏదో వరసగా అడుగుతోంది," అంది ఇస్త్రీ అక్క.

సామాన్ల గది లోపల్నుంచి బుల్లి గొంతు వినిపించింది. "అమ్మా, ట్రబుల్‌షూట్ అని ఉంటుంది, అందులోకి వెళ్లు. తర్వాత స్టార్టప్ అన్నదాంట్లోకి. చివర్న నాలుగో నంబరు నొక్కు."

"మీ అమ్మాయికి నర్సు చదువెందుకు వదినా, నా ఉద్యోగం లాగేసుకుంటుంది," అంది మరదలు.

నాలుగు నొక్కితే డబ్బా సేఫ్ మోడ్ అనే దాంట్లోకి వచ్చింది. అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి, రంగులు వెలిసిపోయి ఉన్నాయి. జ్వరం నుంచి లేచిన మనిషి గోడ పట్టుకుని నిలబడినట్టు ఉంది. మరదలు అడిగినవన్నీ ఇస్త్రీ అక్క కూడబలుక్కుని చదివి చెప్పింది. అవతల కాసేపు గోళ్లు టకటకలాడాయి.

"దొరికింది," అంది మరదలు. "డ్రైవరు పాడైపోయాడు వదినా."

"అది పాతికేళ్ల నుంచి తెలిసిందేగా."

మరదలు పగలబడి నవ్వింది. "మీ ఆయన సంగతి కాదు. తెర మీద బొమ్మ చూపించే ప్రోగ్రాం ఒకటుంటుంది లోపల. దాన్ని కూడా డ్రైవరే అంటారు."

మంచం మీద ఉన్న అత్తగారు, డ్రైవరు తల్లి, కూడా కిసుక్కుమంది. ముసలావిడకు మోకాళ్లు లేవవు గానీ చూపూ వినికిడీ నిక్షేపంలా ఉన్నాయి. బుల్లి దగ్గర కూర్చుని అరవయ్యేళ్లు దాటాక అక్షరాలు దిద్దింది. సబ్బు కాగితం దొరికినా చదవకుండా పారెయ్యదు.

ఈ నవ్వులో ఎవరూ పెరటి తలుపు చప్పుడు వినలేదు. డ్రైవరు సిగరెట్లు మర్చిపోయి, సందులోంచి దగ్గర దారిన వచ్చాడు. వంటింట్లోకి అడుగు పెట్టినవాడు, ముందు గదిలోంచి వస్తున్న మాటకు అక్కడే నిలబడిపోయాడు.

"సగంలో దెబ్బ తగిలి డ్రైవరు కొన ఊపిరితో ఉన్నాడు," అంటోంది మరదలు. "ఇంక వాడితో లాభం లేదు, లేపెయ్ వదినా."

"లేపేస్తే తర్వాత ఏమన్నా గొడవ అవుతుందా?"

"గొడవేముంది. మా దగ్గర రోజూ చేసే పనే. పొద్దున్నుంచి నలుగుర్ని లేపేశాను."

"బుల్లికి మాత్రం ఏమీ కాకూడదు."

"వాడు పోతేనే బుల్లి కాగితాలు బయటికొచ్చేది."

"మరి డ్రైవరు లేకుండా ఎన్నాళ్లు గడుస్తుంది?"

"నాలుగు రోజులు ఎలాగో లాగించు. ఆదివారం నేనే వచ్చి కొత్తవాణ్ని పెడతాను. నీకు సరిగ్గా సరిపోయేవాణ్ని చూసి."

లారీ చక్రం జాకీ తిప్పే ఇనప రాడ్డు వంటింటి తలుపు వెనక ఆనించి ఉంటుంది. డ్రైవరు దాన్ని తీసుకుని ముందు గదిలోకి వచ్చాడు.

"ఎవడే ఆ కొత్తవాడు?" అన్నాడు. అరవలేదు. అతను అరవకపోతేనే ఇంట్లో వాళ్లకు గుండె జారేది.

ఇస్త్రీ అక్క నోరు తెరిచేలోపు చొక్కా కింద నుంచి ఫోను పలికింది. "లేపేశావా వదినా? తొందరగా కానీ, టైము లేదు."

రాడ్డు దెబ్బకు ఫోనూ, చొక్కా బొత్తాలూ, బల్ల అంచూ కలిసి ఎగిరాయి.

"కంప్యూటర్‌లో డ్రైవరండీ," అంది ఇస్త్రీ అక్క, వెనక్కి జరుగుతూ. "బొమ్మ రావడానికి ఉంటాడట. మీరు కాదు."

"కంప్యూటర్‌లో డ్రైవరా? లోపల లారీ కూడా ఉందా? నేను పిచ్చోణ్ణనుకున్నావా?"

రెండో దెబ్బ తల మీదకు వచ్చింది. ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది, చెయ్యి మణికట్టుకు పైన, వంపు లేనిచోట వంగింది. మూడో దెబ్బ భుజం మీద పడింది. కింద పడ్డావిడను కాలితో తన్నుకుంటూ డబ్బా దాకా నెట్టుకొచ్చాడు. నోట్లోంచి రక్తం జారి ఉతికిన చొక్కాల మీద పడింది. సామాన్ల గదిలో బుల్లి తలుపు బాదుతోంది, "నాన్నా, అమ్మని వదిలెయ్, నేను ఎక్కడికీ పోను, నాన్నా" అని. ఆ మాట వినగానే ఇస్త్రీ అక్కకు దెబ్బల కంటే ఎక్కువ నొప్పి పుట్టింది. పిల్ల తన చదువును తన నోటితోనే కాదనుకుంటోంది.

"నోరు ముయ్యవే," అంది కూతుర్ని, నెత్తురు ఉమ్మి. "పోతావు నువ్వు."

డ్రైవరు తెర వంక చూశాడు. మరదలు చెప్పినట్టు ఇస్త్రీ అక్క నొక్కి వదిలేసిన చోట పెద్దపెద్ద అక్షరాలున్నాయి. అతనికి లారీ నంబర్లు తప్ప చదవడం రాదు. తల్లిని రెక్క పట్టి మంచం మీద నుంచి లేపి, ఈడ్చుకొచ్చి తెర ముందు నిలబెట్టాడు. "చదువమ్మా. వీళ్లేం రాసుకున్నారో నువ్వే చదివి చెప్పు."

ముసలావిడ బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "ఈ... డ్రైవర్‌ను... తొలగించాలని... అనుకుంటున్నారా."

"విన్నావా? నా ఇంట్లోనే, నన్నే. రాసి మరీ పెట్టుకున్నారు."

"కింద రెండు గళ్లున్నాయిరా," అంది తల్లి. "ఒకదాంట్లో అవును, ఒకదాంట్లో కాదు."

"కాదని నొక్కు."

ముసలావిడ కొడుకు మొహం చూసింది. కింద పడి ఉన్న కోడలి చెయ్యి చూసింది. ఆ కొడుకు తండ్రి కూడా ఇలాంటి రాడ్డే పట్టుకుని తిరిగాడు. అప్పట్లో ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు, కింద గళ్లు కూడా లేవు. మౌసు మీద చెయ్యి వేసి, బాణాన్ని నెమ్మదిగా జరిపి, అవునన్న చోట నొక్కింది.

గుమ్మడికాయ అక్షరాలు మాయమై తెర ఒక్కసారి నల్లబడింది. సంగతి అర్థమవడానికి డ్రైవరుకు ఓ క్షణం పట్టింది. తర్వాత కన్నతల్లి చెంప మీద కొట్టాడు. ఆవిడ గోడకు తగిలి అలాగే కింద చతికిలబడింది. అతను రాడ్డు పారేసి, గోడ దగ్గర వంగి, కంప్యూటర్ వైరు మీద చెయ్యి వేశాడు.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు కూడా ఆ పక్కనే. రాడ్డు దెబ్బకు బల్ల మీంచి జారిన పెట్టె ఆ తీగ కొసనే పడి, ఇంకా పొద్దుటి వేడిలోనే ఉంది. ఇస్త్రీ అక్క కుడిచేత్తో దాన్ని అందుకుని, వైరు పట్టుకున్న అతని చేతి మీద పెట్టింది. పెట్టి మోకాలు ఆనించి నొక్కింది. నూలు చొక్కాకు ఎంతసేపు నొక్కాలో అంతసేపూ నొక్కింది. చర్మం సుయ్యిమంది. గదంతా కమురు వాసన కొట్టింది. అతను పెట్టిన కేక టీ కొట్టు దాకా పోయింది.

"వైరు వదులు," అంది. పాతికేళ్లలో మొగుణ్ణి ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

వదిలాడు. చెయ్యి ఎత్తిపట్టుకుని పెరట్లో నీళ్ల డ్రమ్ము దగ్గరికి పరుగెత్తాడు. ముసలావిడ నేల మీద డేకుతూ వంటింట్లోకి పోయి, కొడుకు బయట ఉండగానే పెరటి తలుపు గడియ వేసింది. ఇస్త్రీ అక్క వీధి తలుపుకు కూడా గడియ వేసి, సామాన్ల గది గొళ్ళెం తీసింది.

బుల్లి బయటికి వచ్చి తల్లిని చూసి ఏడవబోయింది. "తర్వాత," అంది తల్లి. "ముందు అది చూడు."

డబ్బా మళ్లీ గుర్రుమంది. "మార్పులను వెనక్కి తీసుకుంటోంది, ఆపకండి" అని పడింది. పది. పన్నెండు. గోడ గడియారంలో మూడూ ఇరవై. పెరట్లో డ్రైవరు ముందు గునపం కోసం వెతికాడు, దొరక్క రుబ్బురాయంత బండ ఎత్తి తలుపుకేసి కొట్టాడు. ముప్పై. చెక్క నిలువునా చీలింది. ముసలావిడ తలుపుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. బండ తగిలినప్పుడల్లా ఆవిడ తల ముందుకు ఊగుతోంది. "పక్కకి రా నాన్నమ్మా," అంది బుల్లి.

"ఎంతయిందో చెప్పు."

"యాభై ఆరు."

"అయితే నాకు ఇక్కడ బాగానే ఉంది."

మూడూ ముప్పై అయిదుకు తెర వెలిగింది. బొమ్మ మోటుగా ఉంది గానీ, ఉంది. నెట్టు పెట్టెలో పచ్చదీపం వచ్చింది. బుల్లి తొందరకి ఒకే అక్షరం రెండుసార్లు పడుతోంది, చెరిపి మళ్లీ కొడుతోంది. మార్కుల ఫోటో ఎక్కింది. పుట్టిన తేదీ కాగితం ఎక్కింది. పెరటి తలుపు పై బందు ఊడి గోడ సున్నం రాలింది. చివరి ఫోటో ఎక్కుతుండగా ముసలావిడ చేత కాక పక్కకు ఒరిగింది. ఇస్త్రీ అక్క ఒంటిచేత్తో ఆవిడను చంకల కింద పట్టుకుని వీధి గుమ్మం వైపు ఈడ్చింది.

మూడూ నలభై ఏడుకు "మీ దరఖాస్తు అందినది" అని వచ్చింది. కింద ఒక నంబరు, రావలసిన తేదీ. బుల్లి పెన్నుతో వాటిని ముంజేతి మీద రాసుకుంటుండగా పెరటి తలుపు లోపలికి కూలింది.

ముగ్గురూ గడియ తీసుకుని వీధిలోకి వచ్చి పడ్డారు. కేక విని జనం అప్పటికే గుమిగూడారు. టీ కొట్టాయన ముసలావిడను బల్ల మీద కూర్చోబెట్టాడు. ఎవరో పోలీసులకు ఫోను చేస్తున్నారు.

డ్రైవరు వాళ్ల వెంట రాలేదు. గదిలో వెలుగుతున్న తెర చూసి అక్కడే ఆగిపోయాడు. రాడ్డు వెతుక్కుని, కాలని చేత్తో పట్టుకుని, తెర మీద కొట్టాడు. గాజు వీధి దాకా చిందింది. డబ్బాను కిందకు లాగి దాని రేకు లోపలికి పోయేలా కొట్టాడు, తీగలు గుప్పెట పట్టి పీకాడు, పీకి మళ్లీ కొట్టాడు. "పోతావా? ఎలా పోతావో చూస్తా," అంటున్నాడు దానితో.

"అమ్మా, నా ఫోటోలన్నీ అందులోనే," అని బుల్లి ముందుకు కదిలింది.

ఇస్త్రీ అక్క పిల్ల జబ్బ పట్టుకుని ఆపింది. "కొట్టుకోనీ. అందులో ఇంకేం లేదు." కాసేపు కిటికీలోంచి చూసింది. ఆ దెబ్బల లెక్క ఆవిడ ఒంటికి తెలుసు. ఇప్పుడవి రేకు మీద పడుతున్నాయి.

"ఎప్పుడు రమ్మన్నారే?" అని అడిగింది.

బుల్లి ముంజెయ్యి చూసుకుంది. "ఎనిమిదో తారీకు."

"ఆస్పత్రిలో ఈ చేతికి కట్టు కట్టించుకుని, పోలీసులకు చెప్పాల్సింది చెప్పి, అట్నుంచి అటే మా తమ్ముడింటికి పోదాం. మళ్లీ ఈ ఇంట్లోకి కాదు."

బల్ల మీద నుంచి ముసలావిడ లేవబోయి, లేవలేక, చెయ్యి చాపింది. "నన్ను పట్టుకోండే."

"మీరెక్కడికి అత్తా? వాడు మీ కొడుకు."

"అయితే? ఇక్కడ కూర్చుని వాడికి వండిపెట్టమంటావా?"