సల్ఫా పక్క గడిలో పడింది

బాలనర్సయ్య మీటింగ్ గదిలోకి వస్తూనే చేతిలోని కాగితాల కట్టను బల్లమీదికి విసిరాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. శేరిలింగంపల్లిలోని ఒక ప్రైవేటు దవాఖానాలో మందుల విభాగానికి పెద్ద.

“సల్ఫా పడని ముసలమ్మకు సల్ఫా గోలీలు రాసిండు డాక్టరు. మీ కొత్త కంప్యూటర్ల ఆమెకు పెన్సిలిన్ ఒక్కటే పడదని ఉన్నది. ఆమె నాకు ఎరుకైన మనిషి కాబట్టి ఆపిన. లేకుంటే ఏమయితుండె?”

ఆ దవాఖానా రోగుల వివరాలను పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మార్చి మూడు రోజులైంది. మాదాపూర్‌లోని ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున మార్చింది కిరణ్మయి. ఆమె బల్లకు అవతల కూర్చుని ఉంది. పక్కన టీమ్ లీడ్ రాకేశ్.

“మా టీమ్‌లో ఒకరి పొరపాటు సార్,” అన్నాడు రాకేశ్, ఆమెవైపు చూడకుండానే. “యాక్షన్ తీసుకుంటున్నాం.”

కిరణ్మయికి చెవులు వేడెక్కాయి.

పాత డేటాబేస్‌లోని టేబుల్‌ను ఒక కమాండ్‌తో టెక్స్ట్ ఫైలుగా దించాలి, ఆ ఫైలును ఇంకో కమాండ్‌తో కొత్త టేబుల్‌లోకి ఎక్కించాలి. పని అంతే. ఫైలులో గడికీ గడికీ మధ్య కామా ఉంటుంది. కానీ పడని మందుల గడిలో డాక్టర్లు కూడా కామాలు పెట్టి రెండేసి, మూడేసి పేర్లు రాశారు. ఆ కామాల దగ్గర గడి తెగిపోకుండా ఆమె ప్రతి గడినీ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టింది. అయితే కొందరు డాక్టర్లు కొటేషన్లు కూడా వాడారు. గడి ఎక్కడ ముగుస్తుందో కంప్యూటరుకు తెలియక ఎక్కించడం మధ్యలో ఆగిపోయింది.

“కొటేషన్లు తీసిపారెయ్. ఎర్రర్లు వస్తే దాటెయ్యమని పెట్టు,” అన్నాడు మూడు రోజుల కిందట ఆ పని జరుగుతున్నప్పుడు రాకేశ్.

“తీస్తే గడులు జరిగిపోతాయండి. రెండో మందు పక్క గడిలో పడుతుంది. అరగంట ఇవ్వండి, వేరే గుర్తు చూస్తాను.”

“పన్నెండింటికి క్లయింట్‌కి చూపించాలి. కాకినాడ కాలేజీలో ఇదే నేర్పారా, ఎదురు మాట్లాడ్డం?”

చుట్టుపక్కల సీట్లలో ఎవరో నవ్వారు. ఆమె కొటేషన్లు తీసేసింది. నలభై వేల వరుసలు చూస్తుండగానే ఎక్కాయి. చివర్లో వేలకొద్దీ హెచ్చరికలున్నాయని స్క్రీన్ చెప్పింది. అది చదివి కూడా ఆమె విండో మూసేసింది.

“ఎవరయ్యా ఆ ఒకరు?” మీటింగ్ గదిలో బాలనర్సయ్య అడుగుతున్నాడు.

“ఆ కమాండు కొట్టింది నేనేనండి. కొటేషన్లు తీసేయమన్నది ఈయన. తీస్తే ఇలా అవుతుందని ముందే చెప్పాను.”

రాకేశ్ ముఖం కందిపోయింది. “క్లయింట్ ముందు ఏంటా మాటలు? బయటికి నడు!”

“నువ్వాగయ్యా.” బాలనర్సయ్య కోపం ఇప్పుడు ఆమెమీదికి తిరిగింది. “గిట్లయితదని తెలిసే కొట్టినవా?”

“తెలిసే కొట్టానండి,” అంది ఆమె.

“ఆయనకు సమజ్ కాలే. నీకు అయింది. మరి ఎవరిది పెద్ద తప్పు?”

రాకేశ్ మాటలకు రాని కన్నీళ్లు ఈ మాటకు వచ్చాయి. తుడుచుకోకుండానే లేచి లాప్‌టాప్ తెరిచింది. “మళ్లీ చేస్తాను. మీరు పక్కన కూర్చుని చూడండి.”

“నా పర్మిషన్ లేకుండా ముట్టుకుంటే ఈ రోజే నీకు ఆఖరు,” అన్నాడు రాకేశ్.

“రోగులు మావోళ్లు. పర్మిషన్ నేనిస్తున్న,” అన్నాడు బాలనర్సయ్య. దవాఖానాకు ఫోన్ చేసి, తాను చెప్పేదాకా కాగితాలే చూడమని డాక్టర్లకు చెప్పాడు.

నిలువు గీత (|) గుర్తు ఆ టేబుల్‌లో ఎక్కడా లేదని ముందు వెతికి చూసుకుంది కిరణ్మయి. దాన్నే గడుల మధ్య పెట్టి ఫైలును మళ్లీ దించింది. ఈసారి ఒక్క హెచ్చరిక వచ్చినా ఆగిపోవాలని రాసి ఎక్కించింది. ఎక్కడా ఆగలేదు. బాలనర్సయ్య తాను తెచ్చిన కేసు కాగితాలను ఒక్కొక్కటే తిప్పుతూ స్క్రీన్‌తో సరిచూశాడు; అన్నీ సరిపోయాయి. సాయంత్రం దాకా ఆమెతో ఒక్క మంచి మాట మాట్లాడలేదు. తెచ్చిపెట్టిన టీ ముట్టుకోలేదు.

వెళ్లేటప్పుడు మాత్రం తలుపు దగ్గర ఆగాడు.

“ఆ ముసలమ్మ పేరు వెంకటలక్ష్మి. యాదిల పెట్టుకో.”

మర్నాడు రాకేశ్ జరిగిన తప్పుమీద పైవాళ్లకు రిపోర్టు పంపాడు. అందులో ఉన్నది ఆమె పేరొక్కటే. కిరణ్మయి తన పేరును అలాగే ఉంచి, కింద అతని పేరూ, అతను అన్న మాటలూ చేర్చి, పైవాళ్లందరికీ, దవాఖానాకూ పంపింది. వారం తిరిగేసరికి ఇద్దరినీ ఆ ప్రాజెక్టు నుంచి తప్పించారు. లిఫ్టులో ఎదురుపడితే రాకేశ్ తల తిప్పుకుంటాడు. ఆమె తిప్పుకోదు.